పుల్లలచెరువు నుండి పార్కులేను దాకా

పలక అంటే మార్కాపురము, మార్కాపురము అంటే పలక అని చెప్పుకున్న రోజులు మన పెద్దలకు బాగా జ్ఞాపకము. అక్కడి గనులలో తీసిన రాతిని పలుచగా చీల్చి, చుట్టూ చట్రము బిగించి, దేశములోని ఎన్నో బడులకు పంపేవారు. నోటు పుస్తకములు, ప్లాస్టిక్ పలకలు వచ్చిన తరువాత ఆ పని బాగా తగ్గిపోయింది. ఆ రాతిని లారీలలో మోసినవారిలో పుల్లలచెరువు వాస్తవ్యుడైన ఒక సహోదరుడు ఉన్నారు. ఇరవై యేండ్లు స్టీరింగు పట్టి, నడుము నొప్పి వలన మాని, ఇప్పుడు మూడెకరముల మెట్టలో మిరప, కంది వేసుకుంటున్నారు. ఆయన కుమారునికి ఇరవై రెండేండ్లు. ఆ కుమారుడు కొనదలచిన ఒక కంప్యూటరు నిమిత్తము 2026 జనవరిలో మేము ముగ్గురము కలిసి సికింద్రాబాదుకు వెళ్ళి వచ్చాము. ఆ ప్రయాణమును గూర్చి, అక్కడ చూచిన సంగతులను గూర్చి చదువరులకు తెలియజేయాలని ఈ నాలుగు మాటలు.

కంప్యూటరు అనగానే చదువు కొరకు, ఉద్యోగము కొరకు అని పిల్లలు చెప్పటము, మనము నమ్మటము మామూలు. ఈ అబ్బాయి అలా చెప్పలేదు. "ఆటలాడుకోవటానికే అయ్యగారూ" అని ఉన్న మాట చెప్పాడు. రెండేండ్లు హైదరాబాదులో ఒక సరుకుల గోదాములో రాత్రి డ్యూటీ చేసి, ఒక్క గదిలో నలుగురితో కలిసి వండుకొని తిని, లక్షా పదివేలు మిగిల్చాడు. అందులో యాభై వేలు చెల్లెలి నర్సింగు చదువు ఫీజుకని ఇంటివారు అడగక ముందే పక్కన పెట్టాడు. మిగిలిన అరవై వేలు తనవి. ఆ డబ్బుతో, దుకాణమువారు బిగించి ఇచ్చే పెట్టె కాకుండా, ఒక్కొక్క భాగమును తానే ఎంచుకొని తన చేతులతో బిగించుకోవాలని అతని కోరిక. చదువు పేరు చెప్పి కొనిపించుకునే పిల్లలను చాలా మందిని చూచాము గనుక ఈ అబ్బాయి ముక్కుసూటి మాట మాకు నచ్చింది.

తల్లికి మాత్రము నచ్చలేదు. "అయ్యగారూ, మీరన్నా చెప్పండి వాడికి. ఈ గేమింగులతో ఎన్ని కొంపలు కూలినాయో మీకు తెలవదా?" అన్నది. ఆమె భయము ఊరికే కాదు. మన పల్లెలలో ఆ మాట వింటే గుర్తుకు వచ్చేది ఫోనులో పందెము కాసే రమ్మీ. ఎరువులకు తెచ్చిన అప్పు రాత్రికి రాత్రి అందులో పోగొట్టుకున్నవారు ఉన్నారు. ఆమెకు మేము చెప్పినది ఇదే: డబ్బు పెట్టి ఆడే ఆట వేరు, డబ్బు గెలుపు ఓటములు లేని ఆట వేరు. పందెపు ఆన్‌లైన్ ఆటలను ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టము దేశమంతటా వాటిని నిషేధించింది. అట్టివి నడిపేవారికి మూడేండ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పెట్టింది. అదే చట్టము పందెము లేని ఆటలను, పోటీ క్రీడగా ఆడే ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా చూచింది. ఈ అబ్బాయి అడిగేది రెండవ రకము.

అయినంత మాత్రాన అన్ని ఆటలూ ఒకటే అనలేము. దొంగతనము, కాల్పులే పనిగా ఉన్న ఆటలు ఎన్నో ఉన్నాయి. జీటీఏ-5 అనే ఆట మీద ఐరోపావారి రేటింగు 18 అని ఉంటుంది. పద్దెనిమిదేండ్లు నిండనివారికి అది కూడదని దాని అర్థము. తల్లిదండ్రులు ఆట పేరు పక్కన ఉండే ఆ అంకెను చూచుట నేర్చుకోవాలి. మన అబ్బాయి రాసుకున్న జాబితాలో ఒక క్రికెట్ ఆట, ఒక కార్ల ఆట, యూరో ట్రక్ సిమ్యులేటర్-2 అనే లారీ నడిపే ఆట ఉన్నాయి. 2012లో చెక్ దేశపు కంపెనీ ఒకటి విడుదల చేసిన ఆ లారీ ఆటకు రేటింగు 3. తండ్రి ఆ పేరు విని, "లారీ నడపటము ఆటా? ఇరవై యేండ్లు నేను ఆడుకున్నానన్న మాట" అని నవ్వారు.

ఎర్రగొండపాలెములో హైదరాబాదు బస్సు ఎక్కాము. మాచర్ల, నాగార్జునసాగరు మీదుగా దారి. మాచర్ల దాటేదాకా తండ్రీకొడుకులు ఇద్దరూ నిద్రపోయారు. సాగరు దగ్గర మెలకువ వచ్చి కిటికీలో నుండి ఆనకట్ట చూచారు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు పునాదిరాయి వేసిన ఆ కట్టడము రాతితో కట్టిన ఆనకట్టలలో ప్రపంచములోనే పెద్దదని పేరు పొందినది. అక్కడ నుండి మాల్, ఇబ్రహీంపట్నము దాకా రెండు గంటలు మాటలే మాటలు. అబ్బాయి తన జాబితా కాగితము తీసి ఒక్కొక్క భాగము చెప్పసాగాడు. తండ్రి దానిని లారీ భాషలోకి మార్చుకోసాగారు.

"ఇంజను ఏందిరా ఇందులో?" అంటే ప్రాసెసరు అని జవాబు. "ఛాసీ?" అంటే మదర్‌బోర్డు, అన్నీ దాని మీదనే కూర్చుంటాయి. రేడియేటరు అంటే ప్రాసెసరు మీద ఫ్యాను, దాని కింద అల్యూమినియము రేకులు. బ్యాటరీ, డైనమో స్థానములో ఎస్‌ఎమ్‌పీఎస్ అనే పెట్టె. గోడలోని కరెంటును పుచ్చుకొని లోపలి భాగములకు తగినట్టు 12 వోల్టులు, 5 వోల్టులుగా మార్చి ఇస్తుంది. సరుకు ఎక్కడ దించుతారు అంటే ఎస్‌ఎస్‌డీలో. కరెంటు పోయినా అందులోనిది పోదు. ర్యామ్ అంటే పని జరుగుతున్నంతసేపు సరుకు పరిచే బల్ల వంటిది. కరెంటు పోతే బల్ల ఖాళీ. ఇక గ్రాఫిక్స్ కార్డు. తెర మీది బొమ్మను క్షణమునకు అరవై సార్లు, కొన్ని తెరల మీద నూట నలభై నాలుగు సార్లు కొత్తగా గీసేది అదే. ఆటలాడే కంప్యూటరులో అన్నిటికంటె ఖరీదైనది, అన్నిటికంటె ఎక్కువ కరెంటు తాగేది కూడా అదే.

"ఒక కంపెనీ ఇంజను ఇంకో కంపెనీ ఛాసీ మీద కూర్చుంటదా?" అని ఆయన అడిగిన ప్రశ్న మంచి ప్రశ్న. లారీలలో అది కుదరదు. కంప్యూటరులో కుదురుటకు ఒక చరిత్ర ఉన్నది. 1981 ఆగస్టులో ఐబీఎం కంపెనీ తన పర్సనల్ కంప్యూటరును తొందరగా బజారులోకి తేవాలని, బయట దొరికే భాగములతోనే దానిని తయారు చేసింది. ఇతరులు కూడా అట్టివే కొని, దానితో కలిసిపోయే యంత్రములు చేయుట మొదలుపెట్టారు. 1995లో ఇంటెల్ కంపెనీ ఏటీఎక్స్ అనే కొలతలను ప్రకటించింది. మర రంధ్రములు ఎక్కడ ఉండాలి, కరెంటు తీగ కొస ఏ ఆకారములో ఉండాలి అన్నీ అందులో ఉన్నాయి. అందువలన తైవానులో చేసిన బోర్డు వేరొకరు చేసిన డబ్బాలో సరిగా కూర్చుంటుంది. అయితే కూర్చోని చోట్లు కూడా ఉన్నాయి, డబ్బు పోయేది అక్కడే. ఏఎండీ ప్రాసెసర్లలో ఏఎమ్4 అనే పీటకు చేసినవి ఏఎమ్5 పీట మీద కూర్చోవు. ఏఎమ్4 బోర్డుకు డీడీఆర్4 ర్యామ్ కావాలి, ఏఎమ్5కు డీడీఆర్5 కావాలి. రెండిటికీ గాటు వేరు చోట ఉంటుంది గనుక ఒకటి మరొకదానిలో దిగదు. ప్రాసెసరు పేరు కొనలో ఒక్క అక్షరము తేడా చాలు. ఇంటెల్ వారి 12400 అనే దానిలో చిన్న గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. 12400ఎఫ్ అయితే ఉండదు, విడిగా కార్డు లేనిదే తెర వెలగదు. ఇవన్నీ ఆ అబ్బాయి గోదాములో భోజన విరామములలో చదువుకొని నోటు పుస్తకములో రాసుకున్నాడు.

ఎల్బీ నగరులో బస్సు దిగి మెట్రో ఎక్కాము. ఎంజీబీఎస్‌లో ఒకసారి, పరేడ్ గ్రౌండ్స్‌లో మరొకసారి బండి మారి ప్యారడైజ్ స్టేషనులో దిగితే పార్కులేను నడిచిపోయే దూరమే. కంప్యూటరు హైదరాబాదుకు నిన్న మొన్నటిది కాదని ఇక్కడ ఒక మాట చెప్పాలి. 1967లో ఈ నగరములో ఈసీఐఎల్ సంస్థ ఏర్పడింది. దానికి ప్రాణము పోసినవారు మన తెలుగువాడైన డాక్టర్ ఏ.ఎస్. రావుగారు. టీడీసీ-12 అనే స్వదేశీ కంప్యూటరు 1969 నాటికే వచ్చింది. ఏ.ఎస్. రావు నగర్ అనే పేట ఆయన పేరు మీదనే ఉన్నది.

పార్కులేనులో చెనాయ్ ట్రేడ్ సెంటరు అనే భవనము ఉన్నది. సీటీసీ అంటే ఆటోవారందరికీ తెలుసు. అంతస్తు మీద అంతస్తు, ప్రతి అంతస్తులో ఇరుకైన దారులకు అటూ ఇటూ దుకాణములు. కొన్ని దుకాణములు నిలువుగా నలుగురు నిలబడితే నిండిపోతాయి. అట్ట పెట్టెలు కప్పు దాకా పేర్చి ఉంటాయి. మెట్ల మీద కుర్రవాళ్ళు మానిటర్లు భుజాన వేసుకొని పరుగెడుతూ ఉంటారు. ఒక మూల సోల్డరింగు వాసన, మరొక మూల ఇరానీ చాయ్ వాసన. మా వంటి పల్లెవారిని చూడగానే "చెప్పండి సార్, బిల్లింగా, సర్వీసా?" అని నాలుగు వైపుల నుండి పిలుపులు.

మొదట అడుగుపెట్టిన దుకాణము పేరు అవసరము లేదు. అక్కడ రంగురంగుల దీపములు వెలిగే గాజు పెట్టె ఒకటి చూపించి, "ఐ7 గేమింగ్ పీసీ సార్, అంతా కలిపి ఇరవై ఎనిమిది వేలు, ఇప్పుడే తీసుకుపోవచ్చు" అన్నారు. తండ్రి ముఖము వెలిగింది. అరవై అనుకున్నది ఇరవై ఎనిమిదికే వస్తుంటే ఎవరికి సంతోషము కాదు? అబ్బాయి మాత్రము, "ఐ7లో ఏ జనరేషన్ అన్నా?" అని అడిగాడు. దుకాణము కుర్రవాడు ఒక క్షణము ఆగి, "థర్డ్" అన్నాడు. అంటే 2012 నాటి సరుకు. కంపెనీలు వాడి తీసివేసిన పాత కంప్యూటర్ల నుండి అట్టివి వస్తాయి. ఐ3 కంటె ఐ5, ఐ5 కంటె ఐ7 గొప్ప అని మనము అనుకుంటాము. ఒకే సంవత్సరపు సరుకులో అది నిజము. 2022లో వచ్చిన ఐ3-12100 ముందు 2012 నాటి ఐ7 నిలువలేదు. చదువరులలో ఎవరైనా పిల్లలకు కంప్యూటరు కొనబోతే ఆ 7 అనే అంకెను చూడవద్దు, దాని తరువాత వచ్చే నాలుగైదు అంకెలను చూడండి. పాతది కొనుట తప్పు కాదు. ఉత్తరములు టైపు చేసుకొనుటకు అది చక్కగా పనికి వస్తుంది. పాతదానిని కొత్త పేరుతో అమ్ముటే మాకు నచ్చనిది.

తరువాత నాలుగు దుకాణములు తిరిగి అబ్బాయి తన జాబితాకు ధరలు రాయించుకున్నాడు. అప్పుడు అసలు చిక్కు వచ్చింది. అతడు 2025 వేసవిలో లెక్క వేసుకున్నప్పుడు అరవై వేలలో గ్రాఫిక్స్ కార్డుతో సహా అన్నీ సరిపోయాయి. ఈలోగా ర్యామ్ ధర రెట్టింపు దాటిపోయింది. ఎస్‌ఎస్‌డీ ధర కూడా పైకి పోయింది. దుకాణమువారు మోసము చేస్తున్నారని తండ్రి అనుకున్నారు గాని నాలుగు చోట్లా అదే మాట. కారణము సముద్రముల అవతల ఉన్నది. ప్రపంచములో వాడే ర్యామ్ చిప్పులలో చాలా భాగమును కొరియాకు చెందిన శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, అమెరికాకు చెందిన మైక్రాన్ అనే మూడు కంపెనీలే చేస్తున్నాయి. కృత్రిమ మేధ నడిపే పెద్ద పెద్ద డేటా సెంటర్లు ఎక్కువ ధర ఇచ్చి ఆ సరుకును కొంటుంటే, కంపెనీలు తమ ఫ్యాక్టరీలను అటు తిప్పాయి. క్రూషియల్ అనే పేరుతో మామూలు జనులకు ర్యామ్ అమ్మే వ్యాపారమును మానివేస్తున్నామని మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. అమెరికాలో ఎవరో కట్టుకునే కొట్టమునకు పుల్లలచెరువు కుర్రవాని రెండేండ్ల రాత్రి డ్యూటీలో నుండి వాటా పోతున్నది! మిరప ధర పడిపోయినప్పుడు గుంటూరు యార్డులో నిలబడిన రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు.

మొత్తము డెబ్బై ఆరు వేలకు తేలింది. పదహారు వేలు తక్కువ. మెట్ల పక్కన చాయ్ తాగుతూ ముగ్గురము కూర్చున్నాము. ఒక దుకాణమువారు వాయిదాల పద్ధతి చెప్పారు. ఆధారు కార్డు, ఒక సంతకము చాలట. తండ్రి చాలాసేపు గ్లాసు వైపు చూచి, "ఆ పదహారు నేను సర్దుతాలేరా. కాయలు కోతకు వచ్చినాక తీరుస్తా" అన్నారు. సర్దుట అంటే నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుట అని మాకూ తెలుసు, అబ్బాయికీ తెలుసు. చెల్లెలి యాభై వేలు బ్యాంకులోనే ఉన్నాయి. ఫీజు కట్టుటకు ఇంకా నెల గడువున్నది. ఆ మాట ఎవరూ పైకి అనలేదు గాని ముగ్గురి తలంపులోనూ అది తిరిగింది. మేము ఏమీ చెప్పలేదు. ఇరవై రెండేండ్లవాడు తన కష్టార్జితమును గూర్చి తానే తేల్చుకోవాలి.

అబ్బాయి పెన్ను తీసి గ్రాఫిక్స్ కార్డు అని ఉన్న వరుసను కొట్టివేశాడు. దాని ఖరీదు ఇరవై వేలు. తరువాత ప్రాసెసరు వరుసలో రైజెన్ 5 5600 అని ఉన్నదానిని 5600జీ అని దిద్దాడు. ఆ జీ అక్షరము ఉన్నదానిలో గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. విడి కార్డు అంత బలము దానికి లేదు; పెద్ద ఆటలు బొమ్మ నాణ్యత తగ్గించుకొని ఆడాలి. దాని లోపలి క్యాషె కూడా సగమే, 32 బదులు 16 ఎంబీ. రేపు కార్డు కొని తగిలించినా 5600 ఇచ్చినంత వేగము ఇది ఇవ్వదు. ఇది తెలిసే దిద్దాడు. "లారీ ఆట దీనిలో ఆడొచ్చు నాన్నా. కార్డు వచ్చే యేడు చూస్తా" అన్నాడు. తండ్రి ఇంకా ఏదో అనబోతే, "నువ్వు వడ్డీకి తెచ్చిందాంతో నేను ఆడుకోలేను" అన్నాడు. ఆ తరువాత ఆ ప్రసక్తి మళ్ళీ రాలేదు.

అక్కడ నుండి పని చకచకా సాగింది. డబ్బు తగ్గించుకొనుటకు దుకాణమువారు చూపిన దారి ఒకటి ఉన్నది: ఎస్‌ఎమ్‌పీఎస్‌ను పేరు లేని ఎనిమిది వందల సరుకుతో సరిపెట్టుట. మన వైపు చాలా కంప్యూటర్లు అలాగే బిగిస్తారు. అది చెడిపోయేటప్పుడు తాను ఒక్కతే పోదు. బోర్డును, ఎస్‌ఎస్‌డీని వెంట తీసుకొనిపోతుంది. అబ్బాయి ఇక్కడ రూపాయి తగ్గించలేదు. 550 వాట్లది, 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్నది తీసుకున్నాడు. సగము బరువు మీద పనిచేసేటప్పుడు గోడ నుండి తీసుకున్న కరెంటులో సుమారు 85 శాతము పనికి వస్తుందని, మిగిలినదే వేడిగా పోతుందని ఆ ముద్రకు అర్థము. ఇప్పటి కంప్యూటరుకు అంత శక్తి అవసరము లేదు. రేపు 130 వాట్ల కార్డు తగిలిస్తే అప్పుడు మార్చనక్కర లేకుండా ముందుచూపు అది.

ర్యామ్ విషయములో 16 జీబీది ఒక్కటి బదులు 8 జీబీవి రెండు తీసుకున్నాడు. లోపలి గ్రాఫిక్స్‌కు సొంత ర్యామ్ ఉండదు. ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది. రెండు పట్టీలు వేస్తే రెండు దారులలో ఒకేసారి సరుకు నడుస్తుంది. "జోడెద్దులన్న మాట" అన్నారు తండ్రి. అంతకంటె మంచి పోలిక మాకు తోచలేదు. ఒక దుకాణములో ఒంటెద్దుతోనే పంపబోయారు సుమా! మానిటరు మామూలు 1080 గీతలది. దీపములు లేని, ముందు వైపు జాలి ఉన్న డబ్బా తీసుకున్నాడు. గాజు తలుపు అందముగానే ఉంటుంది గాని మన ఎండలకు గాలి ఆడాలి.

మన వంటి దూరపువారు మరచిపోకూడని మాట ఒకటి. వస్తువు చెడితే మళ్ళీ ఒక పగలు, రెండు బస్సు టిక్కెట్లు. గనుక ప్రాసెసరు, బోర్డు, ర్యామ్ మూడింటినీ దుకాణపు బల్ల మీదనే పెట్టి ఒకసారి తెర వెలిగించి చూపించమని అడిగాము. ఈ ప్రాసెసరు కంటె ముందు తయారైన కొన్ని బోర్డులు లోపలి బయోస్‌ను కొత్తది చేయనిదే దానిని గుర్తుపట్టవు. అది కూడా అక్కడే తేలిపోయింది. జీఎస్టీ నంబరుతో, ప్రతి భాగపు సీరియల్ నంబరుతో బిల్లు రాయించుకున్నాము. బిల్లు లేకపోతే 18 శాతము తగ్గిస్తామన్నవారు ఉన్నారు. అది ప్రభుత్వమును మోసగించుట, పైగా మూడేండ్ల వారంటీ గాలికి పోవుట. యూపీఎస్‌తో కలిపి యాభై ఆరు వేల చిల్లర అయింది.

దొంగ విండోస్ ఉచితముగా ఎక్కించి ఇస్తామన్నారు. అబ్బాయి వద్దన్నాడు. లినక్స్ అనేది ఎవరైనా డబ్బు లేకుండా న్యాయముగా వాడుకోదగినది. లారీ ఆట దానిలో కూడా నడుస్తుంది. దానిలో నడువని ఆటలు కొన్ని ఉన్నాయి, అవి లేకపోయినా సరే అనుకున్నాడు. ఈ సంగతిలో అతనికి మేము నేర్పినది ఏమీ లేదు.

రాత్రి బస్సులో మానిటరు పెట్టెను తండ్రి ఒళ్ళో పెట్టుకొని ఎర్రగొండపాలెము దాకా కూర్చున్నారు. కండక్టరు డబ్బాకు లగేజి టిక్కెట్టు కొట్టాడు.

ఇంటికి వచ్చిన తరువాత తేలిన సంగతి చెనాయ్ ట్రేడ్ సెంటరులో ఏ దుకాణములోనూ అమ్మనిది. వాళ్ళ ఇంటికి ఎర్తింగు లేదు. పాత ఇల్లు; మూడు రంధ్రముల సాకెట్టు ఉన్నది గాని మూడవ రంధ్రము వెనుక తీగ లేదు. మన పల్లెలలో చాలా ఇండ్లది ఇదే స్థితి. ఎస్‌ఎమ్‌పీఎస్ లోపల కరెంటులోని చికాకును వడపోసే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. అవి కొద్దిపాటి కరెంటును ఇనుప డబ్బా మీదికి వదులుతాయి. ఎర్తింగు ఉంటే అది నేలలోనికి పోతుంది. లేకపోతే డబ్బా ముట్టుకున్నప్పుడు చీమలు కుట్టినట్టు చురుక్కుమంటుంది. బోర్డుకు, మనిషికి రెండిటికీ మంచిది కాదు. నాలుగు రోజులు అట్టపెట్టెలు మంచము మీదనే ఉండిపోయాయి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ఇంటి వెనుక గొయ్యి తీయించి, ఇనుప గొట్టము దించి, చుట్టూ ఉప్పు, బొగ్గు పొరలు పొరలుగా నింపించారు. గొయ్యి తండ్రే తవ్వారు, నడుము నొప్పి మాట మరచి. అరవై వేలలో మిగిలినది దానికి సరిపోయింది. ఇప్పుడు ఇంటిలోని ఫ్రిజ్జు, మోటారు కూడా దాని మీదనే ఉన్నాయి. వేసవిలో దానికి రోజూ బిందెడు నీళ్ళు పోయాలి, లేకపోతే మన మెట్ట నేలలో తడి ఆరిపోతుంది.

బిగించుట శనివారము జరిగింది. ప్రాసెసరు కింద 1331 సన్నని సూదులు ఉంటాయి. మూల మీది చిన్న త్రికోణపు గుర్తును బోర్డు మీది గుర్తుతో కలిపి ఊరికే దించాలి, నొక్కకూడదు. ఒక్క సూది వంగితే పన్నెండు వేలు పోయినట్టే. అబ్బాయి ఊపిరి బిగబట్టి దించాడు. మరలు బిగించుటకు తండ్రి లారీ పెట్టెలోని స్క్రూడ్రైవరే పనికి వచ్చింది. రెండు గంటలకు అన్నీ బిగించి మీట నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, తెర మాత్రము నల్లగానే ఉన్నది. "సెల్ఫు తిరిగింది, ఇంజను అందుకోలేదు" అన్నారు తండ్రి. అబ్బాయి కరెంటు తీసి, ర్యామ్ పట్టీలు రెండూ ఊడదీసి, టక్కుమని శబ్దము వచ్చేదాకా మళ్ళీ నొక్కాడు. ఈసారి తెర మీద అక్షరములు వచ్చాయి.

మేము మరునెల వెళ్ళినప్పుడు కుర్చీలో కుమారుడు లేడు, తండ్రి ఉన్నారు. జర్మనీలో ఎక్కడో వాన పడుతుండగా పాల ట్యాంకరు నడుపుతున్నారు. అద్దములు బాగా చేశారు గాని బ్రేకు కొట్టినప్పుడు వెనుక బరువు తోసే తోపు ఇందులో లేదని ఆయన అభిప్రాయము. కరెంటు బిల్లు ఎంత వస్తుందని మమ్మును అడిగారు. ఆడేటప్పుడు మానిటరుతో కలిపి సుమారు 120 వాట్లు అనుకుంటే ఎనిమిది గంటలకు ఒక యూనిట్. రోజుకు రెండు గంటలు ఆడితే నెలకు ఏడెనిమిది యూనిట్లు. ఫీజు రసీదు చెల్లెలి పుస్తకముల మధ్య ఉన్నది.

తల్లి ఆ కంప్యూటరుకు టీవీకి కుట్టినట్టే పూల అంచు గుడ్డ ఒకటి కుట్టి కప్పారు. నడిచేటప్పుడు కప్పితే వేడెక్కి ఆగిపోతుందని కుమారుడు మొత్తుకుంటే, జాలి ఉన్న చోట గుడ్డను గుండ్రముగా కత్తిరించి, ఆ అంచు చుట్టూ మళ్ళీ కుట్టు వేసి ఇచ్చారు.